చూచిన లండను, చూడని లండను

ఈ సంవత్సరము వేసవి సెలవులకు ముందు మా పాఠశాల పూర్వవిద్యార్థి యొకరు మమ్ము చూడవచ్చిరి. వీరు లండను నగరమున ఒక సంవత్సరము చదువుకొని, పట్టము పుచ్చుకొని స్వదేశమునకు తిరిగివచ్చినవారు. చిన్నతరగతుల పిల్లలను పెద్దహాలులో కూర్చుండబెట్టి, తాము తెచ్చిన ఛాయాపటములను తెరమీద చూపించిరి. పార్లమెంటు మందిరముకడ నున్న పెద్ద గడియారపు గోపురము, రాజప్రాసాదము ముందట ఎఱ్ఱకోటులు తొడిగిన కావలిభటులు, 1894లో తెఱచిన టవరు వంతెన, 2000 సంవత్సరమునుండి జనులను ఎక్కించుకొని తిరుగుచున్న పెద్ద చక్రము, ఇట్లు ఒక్కొక్క పటము తెరమీద పడినప్పుడెల్ల పిల్లలు చప్పట్లు చఱచిరి. పటములన్నియు ముగిసిన పిమ్మట, ఏమైన అడుగదలచినవారు అడుగవచ్చునని చెప్పగా, వెనుకవరుసనుండి ఆఱవతరగతి పిల్లవాడొకడు లేచి, "అయ్యగారూ, ఆ ఊళ్లో మనుషులెక్కడ ఉంటారండీ?" అని యడిగెను. హాలులో అందఱును నవ్విరి. వచ్చిన పెద్దమనిషియు నవ్విరి. కాని ఆ ప్రశ్నకు జవాబు మాత్రము ఎవ్వరును చెప్పలేదు.

ఆ బాలుని ప్రశ్న నాటినుండి మా మనస్సును విడిచిపోలేదు. మేమును రెండు పర్యాయములు లండను నగరమునకు పోయివచ్చినవారమే. మొదటిసారి పోయినప్పుడు మా పూర్వవిద్యార్థి చేసినట్లే మేమును చేసితిమి. ఐదు దినములలో పండ్రెండు చోట్లు చూచితిమి. ప్రతిచోటను టిక్కెట్టు కొనుటకు నిలిచితిమి. లోనికి పోవుటకు నిలిచితిమి. ఛాయాపటము తీయించుకొనుటకు నిలిచితిమి. ఇల్లు చేరిన పిమ్మట మా తల్లిగారు, "అక్కడివాళ్లు ఎలాటివాళ్లు నాయనా?" అని యడిగిరి. మేము కోటగోడల యెత్తును, రాజకిరీటములందలి వజ్రముల కాంతిని వర్ణించితిమే గాని, ఆమె యడిగినదానికి బదులు చెప్పలేకపోతిమి. ఆ ఐదు దినములలో టిక్కెట్లు అమ్మువారితో తప్ప ఆ యూరివారితో మేము నోరు విప్పి మాటాడియుండలేదు!

కావున ఈ వ్యాసమున మేము విన్నవింపదలచిన మాట యిది. ప్రసిద్ధస్థలములను చూడవలదని మేము చెప్పము. అవి చూడదగినవే. కాని వానిని మాత్రమే చూచి "లండను చూచితిమి" అనుట, పెండ్లికి పోయి పందిరి మాత్రము చూచి తిరిగివచ్చుట వంటిది. పందిటి అలంకారమును వర్ణింపగలము, వధూవరులెవరో చెప్పలేము. ఒక నగరము తన జనులకొఱకు ఏమి చేసినదో, ఏమి చేయక తప్పిపోయినదో, తప్పు తెలిసినప్పుడు దానిని ఎట్లు దిద్దుకొన్నదో తెలిసినవాడే ఆ నగరమును చూచినవాడని మా యభిప్రాయము. అట్టి గుర్తులు లండనులో పెక్కు గలవు. అవి మూలవీధులలో నుండుటచే బండ్లలో పరుగులెత్తు యాత్రికుల కంట బడవు.

రెండవసారి పోయినప్పుడు మా కన్నులు తెఱపించినది ఒక వాన. సెయింటుపాలు మహాదేవాలయపు గుమ్మటమెక్కి నగరమును చూడవలెనని బయలుదేరితిమి. దారిలో వాన పట్టుకొన్నది. దగ్గఱనే యొక చిన్న తోట కనబడగా, అందున్న కొయ్యపంచ క్రిందికి పరుగెత్తితిమి. అప్పటికే అక్కడ ఒక గుమాస్తా బల్లమీద కూర్చుండి మధ్యాహ్నభోజనము చేయుచుండెను. వాన తగ్గువఱకు తోచక, వెనుకగోడమీది పింగాణిపలకలను చదువ మొదలిడితిమి. ఒక్కొక్క పలకమీద ఒక పేరు, ఒక తేది, రెండు మూడు పంక్తుల వ్రాత. ఆ పేర్లలో రాజులు లేరు, సేనానాయకులు లేరు. వారందఱు పరులను కాపాడబోయి తమ ప్రాణములు విడిచిన సామాన్యజనులు.

ఆ తోట పేరు పోస్ట్‌మన్స్ పార్కు. ప్రక్కనే పూర్వము ప్రధాన తపాలాకార్యాలయ ముండుటచే తపాలాబంట్రోతులు అక్కడ విశ్రమించుచుండిరట. అందుచే ఆ పేరు వచ్చినది. వాట్సు అను చిత్రకారుడు, 1887లో విక్టోరియారాణి స్వర్ణోత్సవము జరిగినప్పుడు, పేరులేని వీరులకు ఒక జ్ఞాపకచిహ్నము కట్టవలెనని పత్రికకు లేఖ వ్రాసెను. ఎవ్వరును ముందుకు రాలేదు. పదుమూడేండ్లు గడచిన పిమ్మట 1900లో అతడే పూనుకొని దీనిని నెలకొల్పించెను. అందు ఆలిసు ఎయిర్సు అను యువతి పేరున్నది. ఆమె తాపీపనికి కూలిపోవువాని కూతురు. 1885లో ఒక రాత్రి తన యక్క కాపురమున్న యిల్లు అంటుకొనగా, తాను ముందుగా దూకి బ్రదుకవచ్చునని క్రిందివారు కేకలు వేయుచున్నను వినక, కిటికీలోనుండి పఱుపును క్రిందికి విసరి, ముగ్గురు బిడ్డలను ఒకరి తరువాత నొకరిని మంటలనుండి బయటకు దింపి, తుదకు తాను పడి మరణించినది. తన తమ్ముని రక్షింపబోయి నీట మునిగిన పదేండ్ల బాలుని పేరును ఆ గోడమీద నున్నది. వాన వెలసినది. గుమాస్తా తన సంచి సర్దుకొని లేచి, మేము చదువుచున్న పలకను చూచి, తాను దినమున కొక పలక చదువుదుననియు, అన్నియు ముగిసిన తరువాత మరల మొదటినుండి ప్రారంభింతుననియు చెప్పి వెడలిపోయెను. లండను వానితో మేము నిజముగా మాటాడిన మొదటి మాట అదియే.

ఆ దినము మేము గుమ్మటమెక్కలేదు.

పాఠకులు సోహో యను పేటకు మాతో రావలెను. నాటకశాలలకును ఫలాహారశాలలకును ఈ పేట ప్రసిద్ధము. ఇందు బ్రాడ్‌విక్ వీధిలో నొక నీటిపంపు నిలిచియున్నది. దానికి పిడి లేదు. చూచినవారు విఱిగిపోయినదని యనుకొందురు. కావలెననియే పిడి లేకుండ దానిని నిలిపిరి. 1854 ఆగస్టు నెలాఖరున ఈ వీధిలో కలరా పుట్టినది. కొద్దివారములలో ఆఱువందలకు పైగా జనులు మడిసిరి. ఆ కాలమున వైద్యులలో పెక్కుమంది యీ జాడ్యము చెడుగాలివలన వచ్చునని నమ్ముచుండిరి. జాన్ స్నో అను వైద్యుడు మాత్రము నీటివలన వచ్చునని తలచెను. ఇతడు యార్కు పట్టణమున నొక కూలివాని యింట పుట్టినవాడు. ఇంటింటికి తిరిగి, చచ్చినవారు ఏ నీరు త్రాగిరో విచారించెను. చచ్చినవారిలో చాలమంది ఆ పంపునీరే త్రాగినవారు. దగ్గఱనే యున్న పేదలసత్రమునకు సొంతబావి యుండుటచే అక్కడ చావులు స్వల్పము. ఇట్టి లెక్కలు చూపగా, పేటపెద్దలు సెప్టెంబరు 8వ తేదిని ఆ పంపు పిడిని ఊడదీయించిరి. అప్పటికే జాడ్యము తగ్గుముఖము పట్టియుండెనను మాటయు నిజమే. అయినను, వాక్కుతో గాక లెక్కతో రోగకారణమును వెదకుట కది మేలుబంతి యైనది.

ఈ కథలో మఱియొకరున్నారు. విద్యార్థులు వారిని మఱవరాదు. ఆ పేట దేవాలయమున సహాయగురువుగా నున్న హెన్రీ వైట్‌హెడ్ అను యువకుడు, స్నోగారి మాట తప్పని నిరూపింపదలచి, తానును ఇంటింటికి తిరిగి విచారించెను. ఆ విచారణలో, బావిదగ్గఱి యొక యింట చంటిబిడ్డకు జబ్బుచేసినప్పుడు ఆ గుడ్డలు ఉదికిన నీరు ప్రక్క మురుగుగుంటలో పోసిరనియు, ఆ గుంట బావికి మిక్కిలి చేరువనున్నదనియు తెలిసినది. తాను తప్పనదలచినది నిజమని తేలగా, అతడు ఆ సంగతిని దాచలేదు. నలుగురి యెదుట ఒప్పుకొనెను. పరీక్షలో తప్పుచేసినప్పుడు ప్రశ్నపత్రమును నిందించు మనకు ఇంతకంటె మంచి పాఠమేమున్నది? స్నోగారు 1858లో చనిపోయిరి. వారి సిద్ధాంతమును లోకము అంగీకరించినది అటుపిమ్మట.

ఆ 1858 సంవత్సరపు వేసవిలోనే థేమ్సునది కంపు భరింపరానిదయ్యెను. నగరపు మురుగంతయు నదిలోనే పడుచుండెడిది. నది యొడ్డుననున్న పార్లమెంటు మందిరపు తెరలను సున్నపుమందులో ముంచి వ్రేలగట్టినను సభ్యులు కూర్చుండలేకపోయిరి. పేదల ముక్కులకు ఏండ్లతరబడి తగిలిన కంపు ప్రభువుల ముక్కులకు తగిలిన తోడనే ధనము దొరకినది. ఇది లండనువారికి గౌరవము తెచ్చు మాట కాదు. అయినను చరిత్రమున దాచరాని మాట. జోసెఫ్ బజల్‌జెట్ అను ఇంజనీరు 82 మైళ్ల పొడవున ఇటుకలతో మహా మురుగుకాలువలను భూమిక్రింద కట్టించెను. 1865లో నగరమునకు తూర్పుగా క్రాస్‌నెస్ అనుచోట ఆవిరియంత్రములు మురుగును ఎత్తిపోయ నారంభించినవి. 1866లో కలరా మరల వచ్చినప్పుడు అది ముఖ్యముగ విజృంభించినది పనులు పూర్తికాని తూర్పుపేటలలోనే. అక్కడ వేలకొలది జనులు చచ్చిరి. తరువాత లండనులో కలరా మహామారిగా మరల తలయెత్తలేదు.

నేడు పార్లమెంటు గోపురమును ఛాయాపటము తీయు యాత్రికుడు నదియొడ్డున నిలుచుండు విశాలమైన రాజమార్గము 1870లో ముగిసిన విక్టోరియా కరకట్ట. దాని గర్భమున ఆ మురుగుకాలువ ప్రవహించుచున్నది; భూగర్భపు రైలు పోవుచున్నది. కట్టించినవాని తలబొమ్మ యొకటి ఆ యొడ్డుననే గోడకు నమర్పబడియున్నది. దానిముందు నిలిచి పటము తీయించుకొను యాత్రికుని మేము చూడలేదు. ఎన్ని వేల తల్లుల కడుపుచిచ్చు ఈ ఇటుకలవలన ఆఱినదో! క్రాస్‌నెస్ యంత్రశాలలోని నాలుగు మహాయంత్రములలో నొకదానిని ఉత్సాహవంతులు స్వచ్ఛందముగా పనిచేసి బాగుచేసిరి. కొన్ని నియమిత దినములందు దానిని నడపి చూపుదురు. యంత్రశాస్త్రము చదువు విద్యార్థి ఆ పోతయినుప స్తంభములను, ఆకులు తీగెలు చెక్కిన ఆ పనితనమును చూచినచో, మురుగు తోడు యంత్రమునకు దేవాలయపు శృంగారము చేసిన మనుష్యుల మనస్సు ఎట్టిదో గ్రహించును.

బ్లూమ్స్‌బరీ పేటలో నొక మైదానమున్నది. పెద్దవారు ఒంటరిగా పోయినచో ద్వారముకడ లోనికి రానీయరు. వెంట బిడ్డ యున్నచో రానిత్తురు! మా పాఠశాల పిల్లలు ఈ మాట విన్నచో లండనునకు రేపే ప్రయాణము కట్టుదురేమో. దాని పేరు కోరాము మైదానము. థామసు కోరాము అను ఓడనాయకుడు, వీధుల ప్రక్కను విడువబడి చచ్చుచున్న పసిబిడ్డలను చూచి సహింపలేక, వారికొక శరణాలయము కట్టవలెనని పదునేడేండ్లు గొప్పవారి గడపలు తొక్కెను. 1739లో రాజుగారి శాసనపత్రము దొరకినది. 1741లో మొదటి బిడ్డలను చేర్చుకొనిరి. హాండెల్ అను సంగీతవిద్వాంసుడు తన "మెస్సయ్య" గానసభలచే దానికి ధనము సమకూర్చెను. హోగార్తు అను చిత్రకారుడు చిత్రములనిచ్చెను.

కాని చేర్చుకొనుటకు చోటు స్వల్పము, బిడ్డలు పెక్కుమంది. అందుచే తల్లులు వరుసగా వచ్చి సంచిలో చేయిపెట్టి బంతి తీయవలసివచ్చెను. తెల్లబంతి వచ్చినచో బిడ్డ లోనికి. నల్లబంతి వచ్చినచో తల్లి బిడ్డ నెత్తుకొని వచ్చినదారిని తిరిగిపోవలెను. లోనికి పోయిన బిడ్డకు క్రొత్తపేరు పెట్టుదురు. ఎన్నడైన తిరిగి వచ్చి తన బిడ్డను గుర్తింపవలెనను ఆశతో తల్లులు ఒక నాణెమునో, రిబ్బను ముక్కనో, గుడ్డపీలికనో విడిచిపోయిరి. అవి నేటికిని ఆ ప్రక్కనున్న ప్రదర్శనశాలలో అద్దముక్రింద నున్నవి. ఆ తల్లులలో తిరిగివచ్చి బిడ్డను తీసికొనిపోయినవారు బహుకొద్దిమంది. రాజకిరీటపు వజ్రములముందు జనులు బారులుతీరి నిలుతురు. ఈ గుడ్డపీలికలముందు మేము నిలిచిన సేపు ఇద్దఱే యుండిరి. ఏవి యెక్కువ విలువగలవో చదువరులే నిర్ణయింతురుగాక.

తూర్పుపేటలో బ్రిక్ లేను అను సందున్నది. ఫూర్నియర్ వీధి మూలను ఒక ఇటుకభవనమును చూచితిమి. ఫ్రాన్సుదేశమున మతహింసకు తాళలేక పాఱివచ్చిన హ్యూగనాటులు, పట్టునేతలో నేర్పరులు, 1743లో దానిని తమ దేవాలయముగా కట్టుకొనిరి. 1819లో అది మెతడిస్టుల ప్రార్థనామందిరమైనది. 1898లో, రష్యాదేశపు హింసలనుండి పాఱివచ్చిన యూదుల సమాజమందిరమైనది. 1976లో, ఓడలలో పనిచేయుచు వచ్చి చేరిన సిల్హెట్టు ప్రాంతపువారికిని వారి బంధువులకును మసీదైనది. గోడలు అవియే; ప్రార్థనాభాషలు మాఱినవి. గోడపైనున్న నీడగడియారము మాత్రము 1743 నాటిది. మానవుని బ్రదుకు నీడవంటిదని లాటినుభాషలో దానిపై వ్రాసియున్నది. పలుమార్లు చేతులు మాఱిన ఆ భవనమును ఎవరును కూలద్రోయలేదు. పరదేశమున కూడు వెదకుకొనబోవు మన బిడ్డలు తొలుత చూడవలసిన కట్టడము ఇదియని మేము దృఢముగా చెప్పుదుము. వారివంటివారే ముందు వచ్చి, అవమానములు పడి, పనిచేసి, ఆ నగరమును కట్టినవారిలో చేరిరని అది సాక్ష్యమిచ్చుచున్నది.

ఇక తెలుగువారికి స్వంతమైన లండను ఒకటి కలదు. బ్రిటిషు మ్యూజియము ప్రసిద్ధస్థలమే. దానిలోనికి ప్రవేశరుసుము లేదు. జనులు ఐగుప్తు శవములను, రొసెట్టా రాతిని చూచుటకు మూగుదురు. అదే భవనమున నొక ప్రత్యేకపు గదిలో మన అమరావతి స్తూపపు సున్నపురాతి శిల్పములున్నవి. పదునెనిమిదవ శతాబ్దపు చివర క్రొత్తపట్టణము కట్టునప్పుడు ఆ దిబ్బనుండి రాళ్లు పెకలింపబడినవి. మఱికొన్ని సున్నపుబట్టీలలో కాలిపోయినవి. 1845లో వాల్టరు ఎలియటుగారు త్రవ్వించిన శిలలు మద్రాసునకును, 1859లో లండనునకును పోయినవి. 1880లో ఆ మ్యూజియమును చేరినవి. ఆ గదిలో నిలిచినప్పుడు మా మనస్సు రెండుగా చీలినది. సున్నము కాకుండ మిగిలినందుకు సంతోషింపవలెనా? కృష్ణానది యొడ్డున పుట్టినవి థేమ్సునది యొడ్డున నున్నందుకు దుఃఖింపవలెనా? ఈ రెండును మాకు కలిగినవి. కాని అంతకంటె పెద్దదుఃఖము వేఱొకటి. ఆ భవనమునకు నడచిపోగల దూరమున ఒక సంవత్సరము కాపురమున్న మా పూర్వవిద్యార్థికి అవి అచ్చట నున్నవని తెలియనే తెలియదు. తన సొత్తు ఎచ్చట నున్నదో తెలియనివాడు దానిని తిరిగి యడుగుట యెట్లు?

నగరపు వాయవ్యమున కెన్సల్ గ్రీన్ అను సమాధులతోట యున్నది. 1833లో దానిని తెఱచిరి. థాకరే యను నవలాకర్త, బ్రునెల్ అను ఇంజనీరు అచ్చట నిద్రించుచున్నారు. చార్లెసు ఫిలిప్పు బ్రౌనుగారును అచ్చటనే యున్నారు. వీరు 1798లో కలకత్తాలో పుట్టి, 1820లో ఉద్యోగమునకై కడపకు వచ్చి, తెలుగు నేర్చి, 1829లో వేమన పద్యములను అచ్చువేయించి, పండితులకు జీతములిచ్చి చెదలుపట్టుచున్న తాళపత్రములకు ప్రతులు వ్రాయించిరి. 1852లో వీరి తెలుగు నిఘంటువు వెలువడినది. 1855లో దేశము విడిచి లండను చేరియు తెలుగును విడువలేదు. అచ్చటి విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యులైరి. 1884 డిసెంబరు 12వ తేదిని చనిపోయిరి. మన యింటింట వేమన పద్యములు వల్లెవేయు పిల్లలున్నారు. లండను పోవు తెలుగువారిలో ఆ తోటకు పోయి ఒక పువ్వు ఉంచివచ్చువారు ఎందఱు?

ఈ మాటలకు కొందఱు ఆక్షేపణ చెప్పుదురు. "పోయినది నాలుగు దినములకు, ఖర్చు లక్షలలో. ప్రసిద్ధమైనవి విడిచి సందులు తిరుగుటకు కాలమేది?" అందురు. ఈ యాక్షేపణ న్యాయమైనదే. కాని కాలము లోపమని మేము తలంపము. పోస్ట్‌మన్స్ పార్కు సెయింటుపాలు దేవాలయమునకు కొన్ని నిమిషముల నడక. పిడిలేని పంపు ఆక్స్‌ఫర్డు వీధి అంగళ్లకు దగ్గఱనే యున్నది. కరకట్ట పార్లమెంటు మందిరపు చెంతనే మొదలగును. అమరావతి శిలలు అందఱును పోవు మ్యూజియములోనే యున్నవి. వీనిలో ఏ యొక్కటికిని టిక్కెట్టు అక్కఱలేదు. ఒక బారులో నిలుచు కాలము మిగిలించుకొన్నచో వీనిలో రెండు చూడవచ్చును.

"వినోదమునకు పోయి కలరాను, అనాథలను, సమాధులను చూచుట యేల?" అని మఱికొందఱందురు. ఉత్సాహము కావలసినవారికి ఇందు ఉత్సాహమే యున్నదని మా యనుభవము. చచ్చినవారి లెక్కనుండి నీటినిగూర్చిన సత్యము పుట్టినది. కంపునుండి కాలువలు పుట్టినవి. ఓడనాయకుని కన్నీటినుండి పిల్లల ఆటస్థలము పుట్టినది. గొప్పనగరములు గొప్పవిగనే పుట్టలేదనియు, అవి కూడ ఒకప్పుడు మురికిలో పొరలినవే యనియు తెలిసికొన్న విద్యార్థి, తిరిగివచ్చి తన ఊరి మురుగుకాలువను చూచి ముక్కు మూసికొని తలత్రిప్పుకొనడు. దీనిని ఎట్లు బాగుచేయవచ్చునని యాలోచించును. గోపురములను మాత్రమే చూచినవాడు తన ఊరిని నిందించుటకు మాత్రమే నేర్చుకొని వచ్చును. మా భయమంతయు ఇందునుగూర్చియే.

తలిదండ్రులతో ఒక మాట. బిడ్డ విదేశమునుండి పంపు పటములను చూచి మీరు సంతోషించుట సహజము. కాని తదుపరి ఉత్తరము వచ్చినప్పుడు, "ఏమి చూచితివి?" అని మాత్రమే యడుగక, "ఎవరితో మాటాడితివి? ఆ ఊరివారు ఏమి చేయుదురు?" అనియు అడుగుడు. మీరడుగు ప్రశ్ననుబట్టియే అతని కన్నులు పనిచేయును. విద్యార్థులారా! మీలో దూరదేశములకు పోవువారు ఎన్నడైన ఒక పూట పటము చేతబట్టక నడువుడు. పోవుటకుముందు ఆ నగరపు చరిత్రమును ఒక్క పుస్తకమైన చదువుడు. గోడలమీది వ్రాతలను నిలిచి చదువుడు. బల్లమీద కూర్చున్న ముసలివారికి వందనము చేసి పలుకరింపుడు. మీ ఇంగిలీషు తప్పుగా నున్నను వారు కోపింపరు.

దూరదేశము పోలేనివారు విచారింపనక్కఱలేదు. మన ఊరి మంచినీటిచెఱువును త్రవ్వించినవారెవరు? వరదనాడు ఈదిపోయి పరులను గట్టుచేర్చినవారెవరు? వారి పేర్లు ఏ పలకమీద నున్నవి? వాట్సుగారికి పింగాణిపలకలు దొరకినవి. మనకు ఈ పత్రిక పుటలున్నవి. మీ తాతగారిని, అమ్మమ్మగారిని అడిగి, అట్టివారి కథ యొకటి విచారించి నిజమని రూఢిచేసికొని వ్రాసి తెచ్చు విద్యార్థికి వచ్చేటి సంచికలో చోటిత్తుము.

ఇక ఆ ఆఱవతరగతి బాలుని ప్రశ్నకు మేము జవాబు బాకీపడియున్నాము. నాయనా, ఆ ఊళ్లో మనుషులు ఆ పటములలో లేని వీధులలో ఉంటారు. నీవు పోయినప్పుడు ఆ వీధులలో నడిచి, వారెట్లున్నారో తిరిగివచ్చి మాకు చెప్పుము. అప్పుడు హాలులో ఎవ్వరును నవ్వరు.